కార్ట్రిడ్జ్ కొనేముందు: చేయి బరువు, ప్రీఆంప్ లెక్క, ముల్లు ఆకారం

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఫోనో కార్ట్రిడ్జ్‌ను (టర్న్‌టేబుల్ చేయి చివర ముల్లును పట్టుకుని, దాని కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) బిగించి వినిపించి అమ్మే దుకాణం దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి, లేదంటే హైదరాబాద్ బస్సెక్కాలి. ముల్లున్న వస్తువు కాబట్టి, డబ్బా విప్పాక వెనక్కి తీసుకోమంటే చాలామంది ఒప్పుకోరు. అందుకే మన వైపు వాళ్లకు ఈ ఎంపిక ముందు కాగితం మీద జరగాలి, చెవి పని తర్వాత. కాగితం మీద చూడాల్సింది కూడా కార్ట్రిడ్జ్‌ను కాదు. ముందు టర్న్‌టేబుల్ చేయి, ఆ తర్వాత ప్రీఆంప్, అంటే కార్ట్రిడ్జ్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచేది. ఈ రెంటి లెక్కా తేలిందంటే, మీరు చూస్తున్న పదిహేను మోడళ్లలో పది వాటంతటవే ఎగిరిపోతాయి. రివ్యూలు చదవడం తప్పని కాదు గానీ, రాసినాయన టేబుల్ వేరు, మీ టేబుల్ వేరు.

మెట్టు 1: మీ దగ్గరున్నది ఏ రకం ప్లేయర్?

అటక మీది నుంచి దిగే పెట్టె చాలాసార్లు హెచ్ఎంవీ ఫియస్టా లాంటి పాత ప్లేయర్ అయి ఉంటుంది. ఇలాంటి వాటిలో సిరామిక్ లేదా క్రిస్టల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. అది వందల మిల్లీవోల్టులు ఇస్తుంది కాబట్టి విడిగా ఫోనో ప్రీఆంప్ అక్కర్లేదు. దాన్ని పీకేసి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ఈ రకం గురించి మూడో మెట్టులో ఉంది) పెడదామని చాలామందికి ఆశ పుడుతుంది. పెట్టకండి. ఆ చేయిని గ్రాముల లెక్కన సరిచేసుకునే వీలుండదు, లోపలి ఆంప్లిఫయర్‌కు మూవింగ్ మాగ్నెట్ ఇచ్చే నాలుగైదు మిల్లీవోల్టులు ఏ మూలకూ చాలవు. దానికి సరిపోయే ముల్లు దొరికితే మార్చి, పాత ప్లేట్లు వినండి. డబ్బు పెట్టి కొన్న కొత్త స్టీరియో ఎల్పీని మాత్రం దాని కింద పెట్టొద్దు. అంత బరువు మోపే పాత ముల్లు స్టీరియో గాడిని గీకేస్తుంది.

రెండోది, ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే ఆటోమేటిక్ టేబుళ్లు. ఆడియో-టెక్నికా ఎల్పీ60ఎక్స్ దీనికి మంచి ఉదాహరణ. దీని కార్ట్రిడ్జ్ చేయిలో భాగం, మార్చలేం. ముల్లు ఒక్కటే మారుతుంది. మీది ఇదే అయితే కింద రాసిన లెక్కలతో మీకు పని లేదు, చివర ఉన్న ‘విడి ముల్లు ఎప్పుడు కొనాలి?’ భాగానికి వెళ్లిపోండి.

మూడోది టీ4పీ, అంటే పీ-మౌంట్. చేయి చివర నాలుగు పిన్నుల సాకెట్ ఉండి, కార్ట్రిడ్జ్ ప్లగ్గులా లోపలికి దూరి పక్కన ఒకే స్క్రూతో బిగుస్తుంది. ఈ పద్ధతిలో కార్ట్రిడ్జ్ బరువు 6 గ్రాములు, ముల్లు రికార్డు మీద మోపే ఒత్తిడి 1.25 గ్రాములు అని ముందే ఖాయం చేసేశారు. పీ-మౌంట్ కార్ట్రిడ్జ్ ఏది కొన్నా సరిపోతుంది.

నాలుగోది, ఈ వ్యాసం అసలు ఎవరి కోసమో వాళ్లది: రెండు స్క్రూల మధ్య అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల దూరం ఉండే మామూలు హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ను బిగించే, చేయి చివరి భాగం). టెక్నిక్స్ ఎస్ఎల్-1200, రేగా, ప్రో-జెక్ట్, ఆడియో-టెక్నికా ఎల్పీ120ఎక్స్ అన్నీ ఇందులోకే వస్తాయి. చేయి వెనక తిప్పే బరువు, పక్కన యాంటీ-స్కేటింగ్ (చేయి రికార్డు మధ్యకు లాక్కుపోకుండా ఆపేది) సర్దుబాటు ఉన్నాయా చూసుకోండి. ఉంటే మీ చేతిలో పని ఉన్నట్టే.

మెట్టు 2: ఏ ప్లేట్లు వింటారు?

ఈ ప్రశ్న తేలికగా కనిపిస్తుంది గానీ సగం ఎంపిక ఇక్కడే అయిపోతుంది. ఇంట్లో తాతల నాటి హరికథలు, నాటక పద్యాల 78 ఆర్‌పీఎం రికార్డులుంటే వాటికి వేరే ముల్లు కావాలి. వాటి గాడి వెడల్పు. 65 నుంచి 75 మైక్రాన్ల మొన ఉన్న ముల్లు దానికి సరిపోతుంది. ఎల్పీ ముల్లు మొన 15, 18 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అది 78 గాడి అడుగున దుమ్ములో ఈడ్చుకుంటూ పోతుంది. అటు ముల్లుకూ చేటే, వినడానికీ గరగర తప్ప ఏమీ ఉండదు. రెండు రకాలూ వినేవాళ్లు ఒకే బాడీకి రకరకాల ముళ్లు తగిలే సిరీస్ కొనుక్కోవడం మేలు. ఆడియో-టెక్నికా వీఎం95 వరసలో 78ల కోసం ప్రత్యేకంగా ఎస్‌పీ అనే ముల్లు ఉంది. ఒత్తిడి మాత్రం 5 గ్రాముల దాకా పెట్టాలి. మీ చేయి వెనక బరువు అంత దూరం వస్తుందో లేదో, టేబుల్‌కు అసలు 78 వేగం ఉందో లేదో ముందే చూసుకోండి.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి తెలుగు సినిమా పాటల ఏడంగుళాల ఈపీలు, 60ల నాటి మోనో ఎల్పీలు. వీటికి ఖరీదైన మోనో కార్ట్రిడ్జ్ అవసరం లేదు. ఆంప్లిఫయర్‌కు ‘మోనో’ బటన్ ఉంటే నొక్కండి. గాడిలో పైకీ కిందికీ జరిగే కదలిక వల్ల పుట్టే రొద చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ బటన్ ఉన్న ఆంప్లిఫయర్‌ను పాతదని అమ్ముకున్నవాళ్లు చాలామంది తర్వాత బాధపడ్డారు.

మెట్టు 3: ప్రీఆంప్ ఎంత పెంచగలదు?

కార్ట్రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ చిన్నది. దాన్ని పెంచడం ఒక పని, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌నూ పెంచిన ట్రెబుల్‌నూ మళ్లీ సమం చేయడం ఇంకో పని. ఈ రెండోదాన్నే ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ అంటారు. ఇది 1954 నుంచి ప్రమాణంగా ఉంది. ఫోనో ప్రీఆంప్ ఈ రెండు పనులూ చేస్తుంది. అది లేకుండా నేరుగా ఆక్స్‌లో పెడితే పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పల్చగా, దూరంగా వినిపిస్తుంది.

కార్ట్రిడ్జ్‌లు ప్రధానంగా రెండు జాతులు. మూవింగ్ మాగ్నెట్‌లో ముల్లుతో పాటు అయస్కాంతం కదులుతుంది, తీగ చుట్టలు కదలవు. అవుట్‌పుట్ సాధారణంగా 3 నుంచి 6 మిల్లీవోల్టులు. ముల్లు ఊడదీసి కొత్తది తగిలించుకోవచ్చు. మూవింగ్ కాయిల్‌లో చుట్టలే కదులుతాయి. కదిలే బరువు తగ్గాలి కాబట్టి చుట్లు తక్కువ పెడతారు, దాంతో అవుట్‌పుట్ 0.2 నుంచి 0.6 మిల్లీవోల్టుల దగ్గరే ఆగుతుంది. ముల్లు అరిగితే మనం మార్చలేం, మొత్తం కార్ట్రిడ్జ్‌నే రీటిప్పింగ్‌కు, అంటే కొత్త ముల్లు అతికించడానికి, పంపాలి. 2 మిల్లీవోల్టుల దరిదాపుల్లో ఇచ్చే హై-అవుట్‌పుట్ మూవింగ్ కాయిల్స్ కూడా ఉన్నాయి, వాటిని మూవింగ్ మాగ్నెట్ ఇన్‌పుట్‌కే కలపొచ్చు.

ఇప్పుడు ప్రీఆంప్ అడుగున లేదా మాన్యువల్‌లో ‘గెయిన్’, అంటే సిగ్నల్‌ను పెంచే లెక్క, ఎంతుందో చూడండి. 40 డెసిబెల్స్ అంటే 100 రెట్లు. 60 డెసిబెల్స్ అంటే 1000 రెట్లు. కూడికలు, గుణకారాలు చాలు. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ 5.5 మిల్లీవోల్టులు ఇస్తుంది. 100తో గుణిస్తే 550 మిల్లీవోల్టులు, ఏ ఆంప్లిఫయర్‌కైనా చాలు. ఆడియో-టెక్నికా వీఎం95ఈ ఇచ్చే 4 మిల్లీవోల్టులు 400 అవుతాయి, అదీ చాలు. డెనాన్ డీఎల్-103 ఇచ్చేది 0.3 మాత్రమే. దాన్ని 40 డెసిబెల్స్ ప్రీఆంప్‌కు తగిలిస్తే 30 మిల్లీవోల్టులే మిగులుతాయి. వాల్యూమ్ చివరిదాకా తిప్పాలి, అప్పుడు పాట కంటే హిస్సే ముందొస్తుంది. దీనికి 60 డెసిబెల్స్ కావాలి, లేదా మధ్యలో 1:10 స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. గుణించాక చివరకు వచ్చే సంఖ్య సుమారు 250 నుంచి 600 మిల్లీవోల్టుల మధ్య ఉంటే సరిపోయిందనుకోండి.

ఎక్కువైనా ప్రమాదమే. 5.5 మిల్లీవోల్టుల కార్ట్రిడ్జ్‌ను పొరపాటున 60 డెసిబెల్స్ స్విచ్ మీద పెడితే 5.5 వోల్టులవుతుంది, తబలా దెబ్బ పడినప్పుడల్లా శబ్దం చిట్లుతుంది. టేబుల్‌లోనే ప్రీఆంప్ ఉండి వెనక స్విచ్ ‘లైన్’ మీద ఉందనుకోండి, ఆ తీగను మళ్లీ ఆంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్‌లో పెడితే కూడా ఇదే జరుగుతుంది. ‘కార్ట్రిడ్జ్ చెడిపోయింది’ అనుకునే కేసుల్లో కొన్ని ఈ స్విచ్ ఒక్కటి జరిపితే బాగవుతాయి.

ఇక లోడ్, అంటే కార్ట్రిడ్జ్‌కు ప్రీఆంప్ ఇన్‌పుట్ చూపే నిరోధం సంగతి. మూవింగ్ మాగ్నెట్‌కు 47 కిలో ఓమ్‌లు, దాదాపు అన్ని ప్రీఆంప్‌లూ ఇదే ఇస్తాయి. మూవింగ్ కాయిల్‌కు దాని లోపలి నిరోధానికి కనీసం రెండున్నర రెట్లు, చాలామంది ఇష్టపడేది పది రెట్లు. డీఎల్-103 నిరోధం 40 ఓమ్‌లు కాబట్టి 100 నుంచి 400 ఓమ్‌ల మధ్య ఎక్కడైనా పెట్టి వినొచ్చు.

నా మట్టుకు, మొదటి కార్ట్రిడ్జ్‌గా మూవింగ్ కాయిల్ వద్దంటాను. అచ్చంపేటలోనో దేవరకొండలోనో ఉండి ఏడాదికో రెండేళ్లకో రీటిప్పింగ్ కోసం పార్సెల్ కట్టి పంపడం, అది తిరిగొచ్చేదాకా టెన్షన్ పడటం ఎందుకు? ఆ డబ్బుతో మూవింగ్ మాగ్నెట్‌లోనే మంచి ఆకారం ముల్లు వస్తుంది.

మెట్టు 4: చేయికీ కార్ట్రిడ్జ్‌కూ జోడీ కుదురుతుందా?

అన్నిటికంటే తక్కువ మంది చూసే లెక్క ఇది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

ముల్లు ఒక సన్నని కడ్డీ చివర ఉంటుంది. ఆ కడ్డీని లోపల రబ్బరు పట్టుకుని ఉంటుంది. ఆ రబ్బరు ఎంత మెత్తగా ఉంటే కంప్లయన్స్ అంత ఎక్కువ. పైన చేయి బరువు ఉంది, కింద రబ్బరు స్ప్రింగులా ఉంది. ఏ బరువూ స్ప్రింగూ కలిసినా వాటికి సొంతంగా ఊగే ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుంది. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. అంతకంటే కిందికి పోతే రికార్డు వంకర వల్ల వచ్చే నెమ్మది కదలికలకు చేయి ఊగిపోతుంది. వంకరల కదలిక ఎక్కువగా 6 హెర్ట్జ్ లోపే ఉంటుంది. మరీ పైకి పోతే సంగీతం మొదలయ్యే 20 హెర్ట్జ్ దాకా దాని ప్రభావం పాకి, బేస్ ఉబ్బుతుంది. బరువైన చేయికి మెత్తని కార్ట్రిడ్జ్ పెట్టడమంటే వడ్ల బస్తాల ట్రాలీకి సైకిల్ సీటు స్ప్రింగులు వేసినట్టే.

లెక్క ఇది: చేయి ఎఫెక్టివ్ మాస్ (ముల్లు దగ్గర తెలిసే చేయి బరువు, మాన్యువల్‌లో ఉంటుంది), కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు మూడూ గ్రాముల్లో కూడండి. దాన్ని కంప్లయన్స్‌తో గుణించండి. వర్గమూలం తీయండి. 159ని దానితో భాగించండి. వచ్చేదే హెర్ట్జ్.

టెక్నిక్స్ ఎస్ఎల్-1200 తీసుకుందాం. హెడ్‌షెల్‌తో కలిపి చేయి 12 గ్రాములు. 2ఎం రెడ్ బరువు 7.2, స్క్రూలు 0.8. మొత్తం 20. దాని కంప్లయన్స్ 20. గుణిస్తే 400, వర్గమూలం 20, 159ని 20తో భాగిస్తే 8 హెర్ట్జ్‌కు కాస్త లోపు. అంచున ఉంది గానీ పని చేస్తుంది. రికార్డులు చదునుగా ఉన్నవాళ్లకు ఇబ్బంది రాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ను చాలాసార్లు 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి రాస్తాయి, మన లెక్కకు 10 హెర్ట్జ్ దగ్గరిది కావాలి. 100 దగ్గరి సంఖ్యను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేస్తే సుమారు సరిపోతుంది. వీఎం95ఈకి 100 హెర్ట్జ్ దగ్గర 7 అని రాసి ఉంటుంది. దాన్ని 12 అనుకుందాం. అదే చేయి మీద 12, 6.1, 0.9 కలిపి 19 గ్రాములు. 19ని 12తో గుణిస్తే 228, వర్గమూలం 15.1. జవాబు పదిన్నర హెర్ట్జ్. నడిమధ్యలో పడింది. ఈ మెలిక తెలియక 7 అనే వేసుకుంటే దాదాపు 14 వచ్చి, మంచి జోడీని పనికిరాదని పక్కన పెట్టేస్తాం. అదే కంపెనీ పక్కనే ‘స్టాటిక్ కంప్లయన్స్ 20’ అని కూడా రాస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

డీఎల్-103 కంప్లయన్స్ 100 హెర్ట్జ్ దగ్గర 5, గట్టి రబ్బరు. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే స్టూడియోల కోసం 1960ల్లో తయారైంది, అప్పటి చేతులు బరువైనవి. 12 గ్రాముల చేయి మీద పదకొండున్నర దాకా వస్తుంది, ఫర్వాలేదు. 6 గ్రాముల తేలిక చేయి మీద పదమూడు దాటుతుంది. అలాంటి చోట కొందరు బరువైన హెడ్‌షెల్ వేసి సరిచేస్తారు.

మీ చేయి బరువు మాన్యువల్‌లో లేకపోతే? ఇప్పటి మధ్యరకం టేబుళ్లలో చాలావాటికి 8 నుంచి 14 గ్రాముల మధ్య ఉంటుంది. 8తో ఒకసారి, 14తో ఒకసారి లెక్క వేయండి. రెండుసార్లూ 8-12 మధ్యలోనో దానికి దగ్గర్లోనో పడే కార్ట్రిడ్జ్ కొనండి. కొన్నాక నిజం తెలుసుకునే మార్గం కూడా ఉంది. స్పీకర్ ముందు గుడ్డ తీసేసి, కొద్దిగా వంకరున్న రికార్డు పెట్టి, పాట మొదలయ్యే ముందు ఖాళీ గాడి నడిచేటప్పుడు ఊఫర్‌ను చూడండి. శబ్దమేమీ లేకుండానే కోన్ ముందుకూ వెనక్కీ పెద్దగా ఊగుతుంటే జోడీ కుదరలేదన్నమాట. సన్నగా వణికితే కంగారు పడక్కర్లేదు.

మెట్టు 5: తీగల కెపాసిటెన్స్ (మూవింగ్ మాగ్నెట్ వాళ్లకే)

మూవింగ్ మాగ్నెట్ చుట్టల ఇండక్టెన్స్, తీగల కెపాసిటెన్స్ కలిసి పై ఫ్రీక్వెన్సీల్లో ఒక మూపు తయారు చేస్తాయి. వీఎం95ఈ ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు. మొత్తం కెపాసిటెన్స్ 200 పికోఫారడ్లయితే ఆ మూపు 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 400 అయితే పదిన్నర కిలోహెర్ట్జ్‌కు దిగి వస్తుంది. అప్పుడు గాయని ‘స’, ‘శ’ అన్నప్పుడల్లా చెవిలో ఈల వేసినట్టుంటుంది, ఆ పైన శబ్దం గబుక్కున పడిపోతుంది. ముల్లు బాగా లేదని తిట్టుకునేవాళ్లు తీగను అనుమానించరు.

కూడాల్సినవి మూడు: చేయి లోపలి తీగ 20 నుంచి 50, బయటి కేబుల్ మీటరుకు సుమారు 100, ప్రీఆంప్ ఇన్‌పుట్ దగ్గర మాన్యువల్‌లో రాసింది. ప్రీఆంప్ 220, మీటరున్నర కేబుల్ 150, చేయి 30 అయితే 400. వీఎం95ఈ కోరేది 100 నుంచి 200. 2ఎం రెడ్ కోరేది 150 నుంచి 300. ఆ 400 ఇద్దరికీ ఎక్కువే, కానీ 2ఎం రెడ్‌కు కాస్త తక్కువ చేటు. కేబుల్‌ను పొట్టిది చేస్తే, ప్రీఆంప్‌లో 100 పికోఫారడ్ల స్విచ్ ఉంటే వాడితే సర్దుకుంటుంది. కేబుల్ సంగతి తెలియకపోతే కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ ఒకటి కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. కేబుల్ రెండు చివరలూ ఊడదీసి, మధ్య పిన్నుకూ బయటి రింగుకూ మధ్య కొలవండి. మీటర్ పుల్లలు గాల్లో ఉన్నప్పుడు చూపించేది అందులోంచి తీసేయండి.

మూవింగ్ కాయిల్ వాళ్లు ఈ మెట్టు దాటేయొచ్చు. చుట్లు తక్కువ కాబట్టి ఇండక్టెన్స్ బాధ లేదు.

మెట్టు 6: ముల్లు ఆకారం మీద పెట్టండి డబ్బు

గోళాకారం, అంటే కోనికల్, చౌక. గాడిలో రెండు వైపులా గుండ్రంగా ఆనుతుంది, పాత అరిగిన ప్లేట్లతో మొండిగా నెట్టుకొస్తుంది. రికార్డు లోపలి పాటలకు వచ్చేసరికి గాడిలోని సన్నని మెలికలను మాత్రం అందుకోలేదు. ఎలిప్టికల్ అందుకుంటుంది. షిబాటా, మైక్రోలీనియర్ వంటివి ఇంకా సన్నగా, గాడి గోడకు నిలువుగా పొడవునా ఆనుకుంటాయి. ఆనే చోటు ఎక్కువ కాబట్టి అరుగుదల కూడా తక్కువ. ఆడియో-టెక్నికా చెప్పే ఆయుర్దాయం ప్రకారం కోనికల్ 500 గంటలు, ఎలిప్టికల్ 300, షిబాటా 800, మైక్రోలీనియర్ 1000. గంటల లెక్కన చూస్తే ఖరీదైన మైక్రోలీనియర్ అంత ఖరీదేమీ కాదు.

అందుకే చౌక ముల్లుతో వచ్చే మంచి బాడీ కొని, ఆరు నెలల తర్వాత ముల్లు మార్చుకునే దారి బాగుంటుంది. వీఎం95 వరసలో ముళ్లన్నీ అన్ని బాడీలకూ తగులుతాయి. 2ఎం రెడ్ బాడీకి 2ఎం బ్లూ ముల్లు పడుతుంది. ఒక్క మాట: సన్నని ముల్లు మంచి పాటతో పాటు గీతనూ, దుమ్మునూ, అచ్చు లోపాన్నీ విప్పి చెబుతుంది. ఇంట్లో ఉన్నవన్నీ జుమ్మేరాత్ బజార్‌లో ఏరుకొచ్చిన ప్లేట్లే అయితే ఎలిప్టికల్ దగ్గర ఆగడం మంచిది.

సెకండ్ హ్యాండ్ టేబుల్‌తో ‘ముల్లు కొత్తదే’ అని ఇస్తే, అరిగిందనే లెక్క వేసుకోండి. నమ్మకం కుదరాలంటే మైక్రోస్కోప్ కింద చూడాలి. వాచీ మెకానిక్ కన్నుకు పెట్టుకునే భూతద్దం దీనికి చాలదు. తెలిసిన లెక్చరర్ ఎవరైనా ఉంటే డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబ్‌లో 100 రెట్లు పెంచి, కాంతి పై నుంచి పడేట్టు పెట్టి చూడండి. బాగున్న ముల్లు మొన నునుపుగా, ఒక్క చుక్క మెరుపుతో ఉంటుంది. అరిగిన దానికి ఇరువైపులా భుజాల మీద రెండు చదునైన అద్దాల్లాంటి మచ్చలు మెరుస్తాయి. ఆ మచ్చల అంచులు ఉలిలాంటివి. అలాంటి ముల్లుతో ఇంకొక్క పక్క కూడా ఆడించకండి.

మెట్టు 7: బిగించడం

ముల్లు తొడుగు తీయకుండానే పని మొదలుపెట్టండి. తీగల రంగులు: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. చిన్న చిమటాతో క్లిప్పును పట్టుకుని తోయండి. వదులుగా ఉంటే క్లిప్పును విడిగా తీసి కాస్త నొక్కండి. కార్ట్రిడ్జ్ పిన్ను మీద సోల్డరింగ్ ఐరన్ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు, ఆ వేడికి లోపలి సన్నని తీగ తెగిపోతుంది.

తర్వాత ఒత్తిడి. చేయి వెనక ఉన్న అంకెలను నమ్మకుండా 0.01 గ్రాముల దాకా చూపే చిన్న తూకం వాడండి. బంగారం పనివాళ్ల దగ్గర ఉండేలాంటిదే, చౌకగా దొరుకుతుంది. తూకం పళ్లెం ఇనుముది కాకూడదు, కార్ట్రిడ్జ్ అయస్కాంతం దాన్ని లాగి అంకె తప్పు చూపిస్తుంది. పళ్లెం ఎత్తు రికార్డు ఎత్తులోనే ఉండాలి. వీఎం95ఈకి 2 గ్రాములు, 2ఎం రెడ్‌కు 1.8, డీఎల్-103కు 2.5. తక్కువ ఒత్తిడి రికార్డుకు మంచిదని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. తప్పు. తేలికైన ముల్లు గాడిలో ఎగిరిపడి గోడలను దెబ్బతీస్తుంది. కంపెనీ చెప్పిన పరిధిలో నడిమికి కాస్త పైనే ఉంచండి. యాంటీ-స్కేటింగ్ అదే అంకె దగ్గర మొదలుపెట్టండి.

కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతలున్న ప్రొట్రాక్టర్ కాగితం జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయిస్తే, ‘పేజీకి సరిపోయేలా’ అన్న గుర్తు తీసేసి నూరు శాతం సైజులో తీయమనండి, ఇంటికొచ్చి స్కేలుతో కొలిచి చూడండి. రెండు మిల్లీమీటర్ల తేడా కూడా పనిని పాడుచేస్తుంది. బేర్‌వాల్డ్ పద్ధతిలో సున్నా బిందువులు (కార్ట్రిడ్జ్ గాడికి సరిగ్గా తిన్నగా ఉండే చోట్లు) రికార్డు మధ్య నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, ఎల్పీలకు ఇదే బాగుంటుంది. స్టీవెన్‌సన్ పద్ధతిలో 60.3, 117.4. ఈపీలు ఎక్కువగా వినేవాళ్లకు నేను ఇదే చెబుతాను, ఎందుకంటే ఏడంగుళాల ప్లేటులో పాట లేబుల్ పక్కదాకా పోతుంది.

చివరగా, ముందు నుంచి చూస్తే ముల్లు నిలువుగా ఉందా, పక్క నుంచి చూస్తే చేయి రికార్డుకు సమాంతరంగా ఉందా చూడండి. రేగా చేతులకు ఎత్తు సర్దుబాటు ఉండదు, అడుగున స్పేసర్లు వేయాలి. అప్పుడు ఎల్పీలో చివరి పాట పెట్టి, ‘స’, ‘ష’, ‘చ’ వచ్చే చోట్ల వినండి. రెండు స్పీకర్లలోనూ ఉమ్మినట్టు చిమ్మితే కోణం మళ్లీ చూడాలి. కుడివైపు మాత్రమే చిమ్మితే యాంటీ-స్కేటింగ్ కాస్త పెంచండి, ఎడమవైపైతే తగ్గించండి.

హమ్, దుమ్ము, ఎండ

కార్ట్రిడ్జ్ మార్చగానే గుయ్యిమని 50 హెర్ట్జ్ హమ్ మొదలైతే, ముందు టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగ ప్రీఆంప్ స్క్రూకు తగిలి ఉందా చూడండి. ఉన్నా హమ్ పోకపోతే ఇంటి ఎర్తింగ్ చూడాలి. మన ఎర్ర చల్కా నేలలు ఎండాకాలంలో పూర్తిగా ఆరిపోతాయి, ఎర్త్ గుంత పని చేయడం మానేస్తుంది. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి మళ్లీ వినండి. చేయి లోపలికి జరిగేకొద్దీ హమ్ పెరుగుతుంటే అది ఎర్తింగ్ సమస్య కాదు, మోటార్ అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జ్ పట్టుకుంటోంది. షీల్డింగ్ తక్కువగా ఉండే గ్రాడో కార్ట్రిడ్జ్‌లతో కొన్ని టేబుళ్ల మీద ఇలా అవుతుంది. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఏసీ మోటార్ టేబుల్ నడపకండి, మోటారూ గుర్రుమంటుంది, స్పీకరూ గుర్రుమంటుంది. ప్యూర్ సైన్ వేవ్ అయితే సరే.

మిర్యాలగూడలో రైస్ మిల్లు ఊక, హుజూర్‌నగర్ వైపు సిమెంటు దుమ్ము, ఎక్కడికి పోయినా ఏదో ఒకటి ముల్లుకు అంటుకుంటుంది. ప్రతి పక్కకు ముందు మెత్తని బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవండి. ఎల్పీలను డిస్టిల్డ్ వాటర్‌తో కడగొచ్చు, దానిలో కొద్దిగా ఐసోప్రొపైల్ కలిపినా ఫర్వాలేదు. 78ల మీద మాత్రం ఆల్కహాల్ చుక్క పడనీయొద్దు. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

వేసవి మధ్యాహ్నాల్లో కార్ట్రిడ్జ్ రబ్బరు మెత్తబడి కంప్లయన్స్ పెరుగుతుంది. 8 హెర్ట్జ్ అంచున ఉన్న జోడీ మే నెలలో ఇంకా కిందికి జారుతుంది. అలాంటివాళ్లు పొద్దున్నో రాత్రో వినడం మంచిది.

విడి ముల్లు ఎప్పుడు కొనాలి?

ముల్లు డబ్బా మీద మార్చిన తేదీ రాసి పెట్టుకోండి. ఎల్పీ ఒక పక్క 20 నిమిషాలు అనుకుంటే 300 గంటలంటే 900 పక్కలు. రోజుకు రెండు పక్కలు వినేవాళ్లకు ఏడాది పైన వస్తుంది. షూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ ఆపేశాక, ఆ బాడీలున్నవాళ్లు ఇప్పుడు ఇతర కంపెనీల ముళ్లతో సర్దుకుంటున్నారు. కొన్ని బాగుంటాయి, కొన్నిటికి మొన వంకరగా అతికి ఉంటుంది. అందుకే కొత్తగా కొనేవాళ్లు ఇప్పటికీ తయారవుతున్న మోడలే తీసుకుని, మొదటి ముల్లు సగం ఆయుష్షు గడిచాక ఒక్క విడి ముల్లు తెప్పించుకుంటే చాలు. రెండు మూడు కొని బీరువాలో దాచొద్దు. వాడకపోయినా లోపలి రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, అప్పుడు నాలుగో మెట్టులో వేసిన లెక్క మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది.